ఉగ్గు గిన్నె నుంచి ఊడిన పన్ను దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాపకి ఆరో నెల నిండింది. ఇంట్లోనే ఉగ్గు పిండి చేశాం. కాచేటప్పుడు ఉండలు కడుతోంది. పల్చగా చేస్తే గుటకేస్తోంది, కాస్త చిక్కగా చేస్తే నాలుకతో బయటికి తోసేస్తోంది. పల్చగానే పెట్టు, అరుగుతుంది అంటారు మా అత్తగారు. పెట్టాల్సిన కొలత ఎంత? – ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు పిండి సంగతి. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పొట్టు లేని పెసరపప్పు. మొదటిసారి 200 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పప్పుతో చేస్తే చాలు, రెండు మూడు వారాలు వస్తుంది. రెండూ విడివిడిగా కడిగి, నీళ్లు వంపేసి, పల్చటి బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. రాత్రంతా ఫ్యాను కింద ఉంచినా సరే. వేయించడం కూడా విడివిడిగానే. కలిపి వేయిస్తే బియ్యం లోపలిదాకా వేగేలోపు పప్పు మాడుతుంది. మాడిన చేదు పెద్దవాళ్లకి తెలియకపోయినా పిల్లలు పట్టేస్తారు. మందపాటి మూకుట్లో సన్నని సెగన బియ్యం తెల్లబడి, గింజ కొరికితే పుటుక్కున విరగాలి. పప్పు కమ్మటి వాసన వచ్చి రంగు కొంచెం మారితే దించేయండి. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి. వేడి మీద పట్టి డబ్బాలో పోస్తే మూత లోపల చెమ్మ పడుతుంది, నాలుగు రోజుల్లో ముక్క వాసన, ఆపైన పురుగు. తడి చెంచా పెట్టినా అంతే. జల్లించి, తడి లేని స్టీలు డబ్బాలో పోసుకోండి.

ఉండలు కట్టేది మరిగే నీళ్లలో పిండి చల్లడం వల్ల. వేడి తగలగానే పైపొర ఉడికి గట్టిపడుతుంది, లోపల పొడి పిండి అలాగే ఉండిపోతుంది. ఒక పెద్ద చెంచా పిండిని రెండు మూడు చెంచాల చన్నీళ్లలో ముందే కలిపి, ఆ ముద్దని 120 నుంచి 150 మి.లీ. మరిగే నీళ్లలో పోసి కలుపుతూ, చిన్న మంట మీద అయిదారు నిమిషాలు ఉడికించండి. దించాక అర చెంచా నెయ్యి. ఉప్పు, పంచదార ఏడాది దాకా అక్కర్లేదు. చప్పగా ఉందన్నది మన నాలుక ఫిర్యాదే, పాపది కాదు.

ఇక చిక్కదనం. ఈ విషయంలో మీ అత్తగారితో ఏకీభవించలేం. పసిపిల్లల పొట్టలో పట్టేది కిలో బరువుకి సుమారు 30 మి.లీ. ఏడు కిలోల పాపకి సుమారు 210 మి.లీ. పల్చటి జావతో నింపితే అందులో ఎక్కువ భాగం నీళ్లే, పొట్ట నిండుతుంది గానీ బలం చేరదు. పైగా ఆ కడుపుతో తల్లిపాలు కూడా తక్కువ తాగుతుంది. చెంచాను పక్కకి వంచితే ఉగ్గు కారిపోకూడదు, మెల్లగా జారాలి. అదే గుర్తు.

నాలుకతో తోసేయడం వద్దని చెప్పడం కాదు. ఇన్నాళ్లూ ఆ నాలుక చేసిన పని పాలు చీకడం, ముద్దను వెనక్కి తీసుకెళ్లడం దానికి కొత్త. నోట్లో ముందు భాగాన కాకుండా నాలుక మధ్యలో కొంచెం పెట్టి చూడండి. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు పెట్టాల్సి రావచ్చు, మూడోసారికే 'ఇది దీనికి నచ్చదు' అని తేల్చకండి. కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గు గిన్నెతో నోట్లో వంపడం మాత్రం మానేయండి. ఏడుస్తున్నప్పుడు వంపితే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని చెంచాతోనే పెట్టండి.

కొలత: మొదటి వారం రెండు పూటలా రెండు మూడు చెంచాలు. క్రమంగా పెంచుతూ, ఎనిమిదో నెల నిండేసరికి 250 మి.లీ. గిన్నెలో సగం, రోజుకి మూడుసార్లు. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో అదే అరగిన్నె మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒక చిరుతిండి. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు.

ఉగ్గుతోనే ఆగిపోకండి. పుట్టినప్పుడు తెచ్చుకున్న ఇనుము నిల్వలు ఆరో నెలకి తరిగిపోతాయి, బియ్యం పెసరపప్పులో ఉన్నది దానికి చాలదు. మాంసాహారులైతే మెత్తగా చిదిమిన గుడ్డు, చేప, కోడి కాలేయం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. శాకాహారులైతే తోటకూర పప్పులో రెండు నిమ్మచుక్కలు పిండండి, ఇనుము ఒంటబట్టడానికి పులుపు సాయం చేస్తుంది. కొత్త పదార్థం ఏదైనా ఒక్కొక్కటే, మూడు రోజుల తేడాతో. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, సారికి 1 మి.లీ. దానివల్ల మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడితో చేసినది. ఊరికే అటక మీద పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అందులో పంచదార ఉంటుంది కాబట్టి అదొక్కటే పెట్టకుండా, రోజుకొక పూటకి వాడుకోండి.

ప్రశ్న: మనవడికి మూడో నెల. మాటలు త్వరగా వస్తాయని నాలుక మీద వస అరగదీసి తేనెలో కలిపి రాస్తానంటే మా కోడలు రాయనివ్వడం లేదు. మేం అలాగే పెరిగాం కదా! – ఒక నాయనమ్మ, సిద్దిపేట

జవాబు: ఈసారికి కోడలి మాట వినండమ్మా. ఏడాది నిండని పిల్లలకి తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం చేస్తాయి. మెడ నిలపలేకపోవడం, పాలు చీకలేకపోవడం, మలబద్ధకం, ఆఖరికి ఊపిరికే కష్టం. అరుదే, కానీ వస్తే ఆసుపత్రిలో వారాలు. మరిగించినా ఆ బీజాలు చావవు. వసకీ మాటలకీ సంబంధం లేదు, ఎక్కువైతే వాంతులు. మాటలు రావాలంటే ఒళ్లో పడుకోబెట్టుకుని మొహం దగ్గరగా పెట్టి కబుర్లు చెప్పండి. మీరు మాట్లాడి ఆగితే వాడు 'ఊఁ' కొడతాడు. ఆ పని మీకన్నా బాగా ఇంట్లో ఎవరూ చెయ్యలేరు.

ప్రశ్న: మా బాబు బరువు పది కిలోలు. ఇంట్లో మూడు పారాసెటమాల్ సీసాలు ఉన్నాయి. ఒకటి చుక్కల మందు, ఒకదాని మీద 125, ఇంకోదాని మీద 250 అని ఉంది. జ్వరం వస్తే ఏది ఎంత పోయాలో ప్రతిసారీ తడబాటే. – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ తడబాటు చాలా అవసరమైన తడబాటు. పిల్లల వార్డులకి వచ్చే మందు పొరపాట్లలో ఈ సీసాల మార్పిడి పాత కథే.

పారాసెటమాల్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోలకి 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసాలు చూడండి. చుక్కల మందులో సాధారణంగా ఒక మి.లీ.కి 100 మిల్లీగ్రాములు ఉంటాయి, అంటే మీ బాబుకి 1.5 మి.లీ. రెండో సీసా మీద 125 అంటే ఒక మి.లీ.లో కాదు, 5 మి.లీ.లో 125. కాబట్టి 6 మి.లీ. పోయాలి. 250 సీసాలో అయితే 3 మి.లీ. సరిపోతుంది. ఎక్కడ బెడిసికొడుతుందంటే, సిరప్ అయిపోయిందని చుక్కల మందు తీసి అలవాటు కొద్దీ అదే 6 మి.లీ. పోసేస్తారు. అప్పుడు లోపలికి పోయేది 600 మిల్లీగ్రాములు, నాలుగింతలు. అలా రెండు రోజులు సాగితే కాలేయం దెబ్బతింటుంది. తిరగేసి జరిగితే, అంటే సిరప్‌ని 1.5 మి.లీ. పోస్తే, జ్వరం దిగదు. 'ఈ మందు పని చెయ్యట్లేదు' అని ఇంకో మందు మొదలవుతుంది.

ఒక్క సీసానే ఉంచుకుని మిగతా రెండూ ఇంట్లోంచి తీసేయండి. ఉంచిన సీసాకి తెల్ల ప్లాస్టర్ అంటించి 'బాబుకి ఇంత మి.లీ.' అని పెన్నుతో రాయండి, కింద తేదీ వేయండి. బరువు కిలో పెరిగినప్పుడల్లా తిరగరాయాలి. టీ చెంచాతో కొలవద్దు. ఒకరింటి చెంచా 3 మి.లీ. పడితే ఇంకొకరిది 7 పడుతుంది. సూది లేని సిరంజి మందుల షాపులో అయిదారు రూపాయలకి దొరుకుతుంది. దాన్ని బుగ్గ లోపలికి పెట్టి మెల్లగా వదలండి, గొంతులోకి చిమ్మకండి.

నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, 24 గంటల్లో నాలుగుసార్లకి మించి వద్దు. పోసిన పది పదిహేను నిమిషాల్లో మొత్తం కక్కేస్తే మళ్లీ పోయవచ్చు, ఆపైన అయితే తరవాతి వేళదాకా ఆగండి. 100.4 డిగ్రీలు దాటితేనే జ్వరం. దాటినా పిల్లాడు ఆడుకుంటూ ఉంటే మందు అక్కర్లేదు, నిద్రపోతుంటే మందు కోసం లేపక్కర్లేదు. మందు వేసేది అంకె తగ్గించడానికి కాదు, బాధ తగ్గించడానికి. వానాకాలం, డెంగీ తిరిగే రోజుల్లో ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కలిసిన సిరప్‌లు సొంతంగా వాడకండి, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. పెట్టె మీద 'ప్లస్' అని ఉంటే వెనక్కి తిప్పి ఏం కలిసిందో చదవండి.

మూడు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే ఇవేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే. పెద్ద పిల్లల్లో అయినా మూడు రోజులు దాటినా, ఆరేడు గంటలుగా ఒంటేలు పోయకపోయినా, మత్తుగా ఉన్నా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా ఆగవద్దు. జ్వరంలో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, పళ్ల మధ్య చెంచా... ఇవేవీ ఫిట్స్‌ని ఆపవు. చెంచా అయితే పన్ను విరగ్గొడుతుంది. అయిదు నిమిషాలు దాటితే వెంటనే బయల్దేరండి. ముందే ఆగిపోయినా, మొదటిసారి వచ్చినదైతే ఆ రోజే చూపించండి.

ప్రశ్న: మా మామగారు పోయి నెలయింది. నాలుగేళ్ల మా పాపతో 'తాత ఊరికి పోయిండు' అని చెప్పినం. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి 'తాత ఎప్పుడొస్తడు' అంటది. మొన్న మా ఆయన డ్యూటీ మీద ఊరికి పోతుంటే కాళ్లు పట్టుకుని ఒకటే ఏడుపు. నిజం చెప్పాలా, ఎట్ల చెప్పాలి? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: చెప్పాలి, ఈ వారంలోనే. ఊరికి పోయినవాళ్లు తిరిగి రావాలి, రాకపోతే తన మీద కోపమొచ్చి ఉండాలి. నాలుగేళ్ల లెక్క అదే. మీ ఆయన ఊరికి పోతానంటే ఏడ్చింది అందుకే, ఊరికి పోయినవాళ్లు మాయమవుతారని తనకి మీరే చెప్పారు. తప్పు పట్టడం లేదు, ఇళ్లలో అందరూ చెప్పే మాటే. 'నిద్రపోయిండు' అని చెప్పిన ఇళ్లలో పిల్లలు రాత్రిపూట కళ్లు మూయడానికి భయపడతారు. 'జబ్బు చేసి పోయిండు' అంటే మీకు జలుబు చేసినా వణికిపోతారు.

పగటిపూట, ఆకలిగా లేనప్పుడు, ఇంట్లోనే కూర్చోబెట్టుకుని చెప్పండి. 'తాత ఊరికి పోలేదు బిడ్డా. నీకు ఎట్ల చెప్పాల్నో మాకు తెలవక అట్ల అన్నం. తాత చనిపోయిండు. చనిపోవుడంటే ఒళ్లు పనిచేసుడు ఆగిపోతది. ఊపిరి తీసుకోడు, అన్నం తినడు, నొప్పి కూడా ఉండదు. ఇగ తిరిగి రాడు.' అంతే. తరవాత ఆగండి. ప్రశ్నలు వస్తే అడిగినంతకే జవాబు. దేవుడి దగ్గర ఉన్నాడు, చుక్కయ్యాడు అనే మాటలు మీ ఇంటి నమ్మకమైతే చెప్పుకోవచ్చు, కానీ ఈ మాటలు చెప్పాకే. ముందే చెబితే నిచ్చెన వేసుకుని చుక్కని తెద్దామంటుంది, లేదా దేవుడి మీద కోపం పెంచుకుంటుంది.

ఆ వయసు పిల్లలు నోటితో అడగని ప్రశ్నలు మూడుంటాయి. నా వల్లనా? మీరు కూడా చనిపోతరా? నన్ను ఎవరు చూసుకుంటరు? అడగకపోయినా జవాబు చెప్పండి. 'నువ్వు అల్లరి చేస్తే కాదు, మందు తాగకపోతే కాదు. తాత గుండెకు చాలా చాలా పెద్ద జబ్బు, మనకొచ్చే దగ్గు లాంటిది కాదు.' జబ్బు ఏదైతే దాని పేరు చెప్పండి. 'మేం చాలా ఏండ్లు ఉంటం, నువ్వు పెద్దగయ్యేదాకా ఉంటం అనుకుంటున్నం. అమ్మ, నాన్న, నానమ్మ అందరం నిన్ను చూసుకుంటం.' ఎప్పటికీ చావనని ఒట్టు మాత్రం వేయకండి.

ఒకసారి చెబితే అయిపోదు. విని, తలూపి, పది నిమిషాలకే బొమ్మలతో ఆడుకుంటుంది, రేపు మళ్లీ 'తాత ఎప్పుడొస్తడు' అంటుంది. మీ మాట అర్థం కాక కాదు. తిరిగిరాకపోవడం అన్నది నాలుగేళ్ల బుర్రలో ఒక్క రోజులో కుదురుకోదు. ప్రతిసారీ అవే మాటలు, అదే గొంతుతో. బొమ్మకి చావు ఆట ఆడినా, దండ వేసినా కసరకండి. ఒకటి రెండు నెలలు పక్క తడపడం, చంక దిగకపోవడం మామూలే.

గేటు దగ్గర నిలబడే వేళ గురించి ఒక మాట. అది బహుశా ఆయన బజారుకి తీసుకుపోయిన వేళ, లేదా ఆయన వచ్చిన వేళ. ఆ గంట ఖాళీగా ఉన్నన్నాళ్లూ పాప దాన్ని తాతతోనే నింపుకుంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు, రోజూ ఒకరే, సరిగ్గా ఆ వేళకి అదే దారిన నడిపించుకుని పోండి. దారిలో తాత కొనిచ్చిన దుకాణం వస్తే తాత మాట ఎత్తండి. పేరు ఎత్తడం మానేస్తే ఏడుపు ఆగుతుందని పెద్దలు అనుకుంటారు. ఆగేది మీ ముందు ఏడవడం మాత్రమే. మాసికానికో సంవత్సరీకానికో కూర్చోబెట్టాలనుకుంటే ఏం కనబడుతుందో ముందు రోజే చెప్పండి: ఫొటో ఉంటుంది, పంతులు మంత్రాలు చదువుతారు, నాన్న ఏడవచ్చు. విసిగితే బయటికి తీసుకుపోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి, ఆ పని కర్మ చేసేవాళ్ల వల్ల కాదు. బడిలో టీచరమ్మకి కూడా మీరు వాడిన మాటలే చెప్పండి, ఆమె మళ్లీ 'ఊరికి పోయిండు' అనకుండా.

ఆరు నెలలైనా తిండి తినకపోవడం, 'నేను కూడా తాత దగ్గరికి పోతా' అని పదే పదే అనడం ఉంటే పిల్లల మానసిక వైద్యులకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ప్రశ్న: విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ విప్పి గ్లాసు నీళ్లలో కొంచెం కొంచెం కలిపి ఇస్తున్నాను. షాపులో రెడీమేడ్ జ్యూసు డబ్బాలు కూడా ఉన్నాయి. ఏది మంచిది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండూ కాదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకి, చిన్నదైతే 200 మి.లీ.కి. విప్పితే మొత్తం కలపాల్సిందే. పొడిలో ఉప్పు, గ్లూకోజ్, పొటాషియం, సిట్రేట్ నాలుగు రకాలుంటాయి, చిటికెల లెక్కన తీస్తే ఏ చిటికెలో ఏది ఎక్కువొస్తుందో తెలియదు. ఉప్పెక్కువైతే దాహం తీరకపోగా ప్రమాదం. లీటరు మంచినీళ్ల సీసా ఒకటి దీనికే కేటాయించండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పాలలో, జ్యూసులో కలపకూడదు, కలిపాక కాచకూడదు. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల (5 మి.లీ. చెంచా) పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ గీటుగా.

రెండేళ్ల లోపు పిల్లలకి ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసుకి 100 నుంచి 200. చెంచాతో, నిమిషానికొకటి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా మెల్లగా. గ్లాసు ఎత్తి గటగటా తాగిస్తే వాంతి ఖాయం. దానితోపాటు జింకు, ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే కట్టినా కోర్సు ఆపకండి. తిండి మాన్పించకండి, తల్లిపాలు అసలే మాన్పించకండి.

ఓఆర్ఎస్ అన్న పేరుతో అమ్ముతూ వచ్చిన ఆ జ్యూసు డబ్బాల్లో పంచదార మోతాదు మించి ఉంటుంది, అది పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ వీటి మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార పానీయాల పేర్లలో, లేబుళ్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. పేరు మారినా సరుకు అదే, కాబట్టి ప్యాకెట్ మీద 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని ఉందో లేదో చూసి కొనండి. కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి.

ప్రశ్న: ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. కాన్పయి అయిదు రోజులు. పాలు పొంగి రొమ్ములు రాళ్లలా ఉన్నాయి. బిడ్డ కోసం కొన్నవన్నీ ఇంట్లోవాళ్లు తీసేశారు. మూడేళ్ల మా బాబు 'చెల్లి ఏది' అంటున్నాడు. ప్రైవేటు ఉద్యోగం, సెలవు ఇస్తారో లేదో. – పేరు వద్దన్నారు, వరంగల్

జవాబు: పాల నొప్పి మాటే ముందు. గట్టిగా గుడ్డ బిగించి కట్టమంటారు, కట్టుకోకండి. పాల గొట్టాలు మూసుకుపోయి చీము పట్టే ప్రమాదం ఉంది. ఒంటిని పట్టి ఉంచే బ్రా రాత్రీ పగలూ వేసుకోండి. బట్టలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకి నాలుగైదుసార్లు. వేడినీళ్లు నేరుగా రొమ్ముల మీద పోసుకోవద్దు, పాలు ఇంకా దిగుతాయి. బిగువు భరించలేనప్పుడు చేత్తో కొంచెం పిండండి, నొప్పి సడలేంత మాత్రమే. పూర్తిగా ఖాళీ చేస్తే శరీరం మళ్లీ నింపుతుంది. మల్లెపూలు కట్టుకోవడం మన వైపు పాత పద్ధతి, ఊరికే చెప్పే మాట కాదు. వాటిని పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూసిన పరిశోధన 1988లో అచ్చయింది, రెండింటితోనూ పాలు తగ్గాయి. పాలు ఆపే మాత్రలు ఉన్నాయి గానీ బీపీ ఎక్కువున్నవాళ్లకి మంచివి కావు, మీ డాక్టరే రాయాలి. వారం పది రోజుల్లో బిగువు తగ్గుతుంది. ఒకవైపు ఎర్రగా గట్టి పడి చలిజ్వరం వస్తే, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోతే వెంటనే ఆసుపత్రికి. కొందరు తల్లులు పాలు దానం చేస్తారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. చెయ్యాలనిపిస్తేనే. చెయ్యకపోవడంలో తప్పేమీ లేదు.

సెలవు మీ హక్కు. ప్రసూతి సెలవు నిబంధనల్లో 'బిడ్డ' అన్న మాటలోకి చనిపోయి పుట్టిన బిడ్డ కూడా వస్తుంది. 26 వారాలు దాటాక జరిగినది గర్భస్రావం కింద రాదు, కాన్పే. మీకు బతికున్న బిడ్డ ఒక్కడే కాబట్టి, కాన్పుకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో కూడిన సెలవు వర్తిస్తుంది. కంపెనీలో 'అబార్షన్ సెలవు ఆరు వారాలే' అంటే అది 26 వారాల లోపు పోయిన గర్భానికి చెప్పిన నిబంధన అని రాతపూర్వకంగా అడగండి. డిశ్చార్జ్ సమ్మరీలో ఎన్ని వారాలో స్పష్టంగా రాయించుకోండి, అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. 28 వారాలు దాటిన మృత శిశువు జననాన్ని 21 రోజుల్లో రిజిస్టరు చేయించాలి. ఆసుపత్రి పంపిందో లేదో మీ ఆయన్ని కనుక్కోమనండి.

ఆ కాగితాలతోనే రెండు సంగతులు ఇప్పుడే అడిగి తెలుసుకోండి. మీ రక్తం నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ కాన్పయిన 72 గంటల్లోపు ఇచ్చారా? మాయని (ప్లాసెంటాని) పరీక్షకి పంపారా? బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తం గడ్డకట్టే పరీక్షల ఫలితాలు కూడా ఒక ఫైల్లో పెట్టండి. కొన్నిసార్లు అన్నీ చేసినా కారణం దొరకదు. దొరకనప్పుడు చుట్టాలు తలా ఒక కారణం కనిపెడతారు: గ్రహణం, బొప్పాయి, మెట్లు ఎక్కడం. అవేవీ కావు. మళ్లీ గర్భం గురించి ఆలోచన వస్తే కనీసం ఆరు నెలలు ఆగి, ముందుగా ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, ఆ ఫైలుతో డాక్టర్‌ని కలవండి.

బాబుకి, పైన కరీంనగర్ తల్లికి చెప్పినట్టే సూటి మాటలు చాలు. 'చెల్లి అమ్మ కడుపులోనే చనిపోయింది. ఇంటికి రాదు.' మూడేళ్లవాడు ఎప్పుడో పొట్ట మీదకి దూకి ఉంటాడు, 'చెల్లి వద్దు' అని కూడా అని ఉంటాడు. నీ వల్ల కాదని అడగకముందే చెప్పండి. మీరు ఏడుస్తున్నప్పుడు చూస్తే 'చెల్లి గుర్తొచ్చి ఏడుస్తున్నా, నీ మీద కోపం కాదు' అనండి. తీసేసిన బట్టలు ఇంకా ఎక్కడో ఉంటే పారేయవద్దని ఈ రోజే చెప్పండి. ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టిస్తే, ఉంచుకోవాలో ఇచ్చేయాలో మీరే ఎప్పుడో తేల్చుకుంటారు. మీ ఆయన్ని కూడా ఎవరైనా పలకరించాలి, అందరూ ఆయన్ని 'ఆమెని చూసుకో' అని మాత్రమే అంటారు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా టెలిమానస్ 14416, లేదా మీ డాక్టర్. ఆలోచన వచ్చిన రోజే.

ప్రశ్న: రెండున్నరేళ్ల పాప రోజూ రాత్రి అదే కథ చెప్పమంటుంది. ఒక్క మాట మారినా ఒప్పుకోదు. కొత్తవి చెప్పకపోతే బుర్ర ఎదగదేమో? – ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఎదుగుతోంది కాబట్టే మాట మారితే పట్టుకుంటోంది. తరవాత ఏం వస్తుందో తెలిసి ఉండటమే తన సంతోషం. అదే కథ చెబుతూ వాక్యం చివర ఆగండి, ఆఖరి మాట తను పూరిస్తుంది. ఓ వారం పోయాక ఒక మాట కావాలని తప్పు చెప్పండి, తను దిద్దుతుంది. విసుగు మీకే, ఇంకో నాలుగు నెలలు ఓర్చుకోండి.

ప్రశ్న: మా వాడికి ఆరేళ్లు. కింది పాలపన్ను ఊడకుండానే వెనక కొత్త పన్ను వచ్చేసింది. పీకించాలా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: పాలపన్ను కదులుతోందా చూడండి. కదులుతుంటే తొందరేం లేదు. కింది ముందు పళ్లలో ఇది తరచూ కనిపించేదే. కొత్త పన్ను సరిగ్గా కింది నుంచి కాక కాస్త వెనక నుంచి రావడంతో పాలపన్ను వేరు కరగడం ఆలస్యమవుతుంది. జామకాయ, క్యారెట్, చెరుకు ముక్క ఆ పంటితో కొరకమనండి, శుభ్రమైన చేత్తో వాణ్నే ఊపుకోమనండి. ఊడాక నాలుక తోపుకి వెనకది చాలావరకు తనంతట తానే ముందుకి జరుగుతుంది. దారం కట్టి తలుపుకి లాగే ముచ్చట వద్దు, విరిగి వేరు లోపల ఉండిపోవచ్చు. రెండు మూడు నెలలైనా కదలకపోయినా, పై పళ్లలో ఇలా వచ్చినా పళ్ల డాక్టరుకి చూపించండి. ఊడిన చోట రక్తం కారితే తడి దూది మడిచి పది నిమిషాలు కొరికి పట్టుకోమనాలి, మధ్యలో తీసి తీసి చూడకూడదు. ఊడిన పన్ను ఇంటి కప్పు మీదకి విసరాలంటాడు కదా, అపార్ట్‌మెంట్ అయితే మేడ మీదకి మీరూ వెంట వెళ్లండి.